చింతామణిలో ఒక్క పరుగు, ఒక నారచాప

బాగేపల్లి, 1943 ఏప్రిల్, మంగళవారం.

మొన్న ఆదివారం మా ఊరి క్రికెట్ జట్టుతో చింతామణికి వెళ్ళి నిన్న మధ్యాహ్నం తిరిగి వచ్చాను. మన స్త్రీ సమాజం లిఖిత పత్రికకు ఏదైనా ప్రయాణం గురించి రాయమని చాలా రోజులుగా అడుగుతున్నారు. ఈ ఎండల్లో ఆ దారిన వెళ్ళేవారికి పనికి వస్తుందని ఇప్పుడు రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు కనుక తీరిక కూడా ఉంది.

నేను వెళ్ళడానికి కారణం మా మనవడు శీనప్ప. మిడిల్ స్కూలులో ఉపాధ్యాయుడు, ఇరవై ఆరేళ్ళవాడు. పోయిన ఏడు పురిట్లో భార్య పోయినప్పటి నుంచి అడిగినదానికి బదులు చెప్పడమే తప్ప తనంతట తాను నోరు విప్పడు. ఆదివారం సాయంత్రం మాత్రం ఆట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరగంట మాట్లాడతాడు. ఎవరు ఎట్లా అవుటయ్యారు, ఎవరు చేతిలో పడిన బంతిని వదిలేశారు, అదే మాట. ఆ అరగంట కోసమే నేను ఆ ఆట నియమాలన్నీ నేర్చుకున్నాను.

మా మైదానమంతా గులకరాళ్ళు. కొబ్బరి నారచాప పరిస్తేనే బంతి ముఖం మీదికి లేవకుండా వస్తుంది. ఆ చాప మాకూ చింతామణి వారికీ ఉమ్మడి, నెలకొక ఊళ్ళో ఉంటుంది. యుద్ధం వచ్చాక బస్సులవారు అంత బరువు ఎక్కించుకోవడం మానేశారు. కొత్త చాప ఎక్కడా దొరకదు. అందుకని ఒకే ఒక్క ఆట ఆడి, గెలిచినవారు చాపను పూర్తిగా ఉంచుకోవాలని, సమానమైతే ఎట్లాగో పాత పద్ధతే సాగించాలని ఒప్పుకున్నారు. పరుగుల లెక్క రాయడానికి రెండు జట్లకూ నమ్మకమైన మనిషి కావాలంటే నేను సరేనన్నాను.

ఉదయం ఐదింటికి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడుస్తున్న బస్సు ఎక్కాము. చిక్కబళ్ళాపురానికి ఎనిమిదణాలు. పేరేసంద్ర దాటగానే బండి ఆగిపోయింది. డ్రైవరు ఖాదర్ సాబు దిగి వెనక బొగ్గును కలియబెట్టసాగాడు.

"ఎంతసేపప్పా?" అని అడిగాను.

"బొగ్గు ఎర్రబడాలమ్మా. పెట్రోలుంటే ఈపాటికి చిక్కబళ్ళాపురంలో కాఫీ తాగతాంటిమి. పదకొండు మంది గట్టి మనుషులుండారు గదా, కొంచెం తోయమనండి."

"గెలిచేదానికి పోతాండాము సాబూ. ఉన్న బలమంతా నీ బస్సే తినేస్తాండాది," అన్నాడు శీనప్ప, దిగి తోస్తూ. బస్సంతా నవ్వింది. అతను ఇంకొకరిని నవ్వించడం ఏడాదిలో అదే మొదటిసారి చూశాను.

చిక్కబళ్ళాపురంలో ఎనిమిదింటి చిన్న రైలు దొరికింది. శిడ్లఘట్ట మీదుగా రెండు గంటలు, టికెట్టు ఐదణాలు. పదిన్నరకు ఆట మొదలైంది. నా బల్ల సరిగ్గా బ్యాటు పట్టినవాడు నిలబడే గీతకు ఎదురుగా వేశారు. పైన తాటాకు పందిరి ఉన్నా, కలం పట్టుకుంటే వేళ్ళు చెమటకు జారుతున్నాయి. ఒంటి గంటకు చింతామణి వారు తొంభై నాలుగుకు అందరూ అవుటయ్యారు. మావాళ్ళ ముఖాలు వెలిగాయి.

భోజనం వారి కెప్టెన్ మునిరెడ్డి ఇంట్లో. చిత్రాన్నం, పప్పు, ఒబ్బట్లు. మునిరెడ్డి తల్లి గౌరమ్మగారు స్వయంగా వడ్డించారు. ఆ ఇంట్లో విస్తరి ఖాళీ అయితే ఇంకా కావాలని అర్థం. రెండో ఒబ్బట్టు తిని శీనప్ప విస్తరి మడవబోయాడు. అప్పటికే ఆమె మూడోది వేసి నెయ్యి పోశారు.

"చాలవ్వా, మళ్ళా ఆడాల," అన్నాడు నా వైపు చూసి.

"విస్తట్లో పడింది వదిలేది మన ఇంటి పద్ధతి కాదప్పా. తిను," అన్నాను.

తిన్నాడు. విస్తరి ఖాళీ అయింది. నాలుగోది పడింది. మిగతా పదిమందీ నా ముఖం చూసి తిన్నారు.

"మా టీములో పన్నెండు మందుండారప్పా," అన్నాడు మునిరెడ్డి నవ్వుతూ. "పన్నెండోది ఒబ్బట్టు!"

రెండున్నర ఎండలో మావాళ్ళు బ్యాటింగుకు దిగారు. కాళ్ళు కదలడం లేదు. మూడు పరుగులు రావలసిన చోట రెండు, రెండు రావలసిన చోట ఒకటి తీసి ఆయాసపడుతూ నిలబడ్డారు. ఐదుంపావుకు తొమ్మిది మంది అవుటై, స్కోరు తొంభై రెండు దగ్గర ఉంది. శీనప్ప బంతిని దూరంగా కొట్టి ఒక పరుగు పూర్తిచేశాడు. రెండోది పూర్తయితే కనీసం సమానం, చాప ఇద్దరిదీ. తిరిగి పరుగెత్తాడు. గీత దగ్గర బంతి, మనిషి, వికెట్టు కట్టెలు అన్నీ దుమ్ములో కలిసిపోయాయి.

అంపైరు ఆ ఊరి హెడ్ మేష్ట్రు. తనకు దుమ్ములో కనబడలేదన్నాడు. ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకున్నాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గీతకు ఎదురుగా ఉండేది మీరేనమ్మా. ఏం చూసినారు?"

శీనప్ప మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"కట్టెలు పడేటప్పటికి బ్యాటు గీతకు ఇంకా జానెడు ఇవతలే ఉండాది," అన్నాను. అదే రాశాను. తొంభై మూడు, ఆఖరి వికెట్టు రనౌటు.

చింతామణి వారు ఎనిమిది మంది చాపను చుట్టి భుజాలకెత్తుకున్నారు. "మా కాడికే వచ్చి ఆడుకోండప్పా," అని మునిరెడ్డి మర్యాదగానే అన్నాడు. రానూ పోనూ రెండు రోజులు పట్టే ఆట ఏ ఆదివారానికి కుదురుతుంది? ఆరింటి రైలులో చిక్కబళ్ళాపురం చేరి సత్రంలో పడుకుని, పొద్దున బస్సు పట్టుకున్నాము. దారి మొత్తంలో శీనప్ప ఒక్క మాటే అన్నాడు: "మూడోదే వద్దంటినవ్వా."

గీత దగ్గర చూసింది మళ్ళీ అడిగినా అదే చెబుతాను. విస్తరి దగ్గర అన్నది మాత్రం మళ్ళీ అనను. తిండి వదలడం తప్పని నలభై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను, ఎవరి కడుపు ఎంతటిదో ఒక్కసారీ అడగలేదు. ఆ వైపు భోజనానికి వెళ్ళేవారు చివరి ముద్ద విస్తరిలో ఉండగానే చేయి అడ్డం పెట్టి చాలని చెప్పండి. అక్కడ ఎవరూ తప్పు పట్టరు.

ఇక జరగవలసినవి:

1. గౌరమ్మగారికి కృతజ్ఞతతో ఉత్తరం రాయాలి. ఓటమికీ ఆమె వడ్డనకూ సంబంధం ఉన్నట్టు ఒక్క మాట ఉండకూడదు.

2. మైదానం మధ్య ఇరవై రెండు గజాల మేర గులకరాళ్ళు ఏరి, పుట్టమన్ను పోసి దిమ్మిస కొట్టాలి. చాపకు సాటి రాదు. అయినా చేయాలి.

3. ఈ ఆదివారం నాలుగింటికి జట్టులో ఎవరైనా వచ్చి శీనప్పను పిలవాలి. నేను పిలిస్తే లేవడు. ఈ ఉదయం పిలిచి చూశాను.