కెప్టెన్ గారి ఎడమ చెవి

2019 మార్చి. బహ్రెయిన్‌కి వచ్చి నాకది ఇరవై రెండో ఏడు. మనామాలో పైలట్లకు వైద్య పరీక్షలు చేసే క్లినిక్‌లో ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా పన్నెండో ఏడు. ఆడియోమెట్రీ అంటే వినికిడిని కొలవడం. బయటి శబ్దం చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కొక్కటే కూత వినిపిస్తాం. వినపడగానే బటన్ నొక్కాలి. ఎంత గట్టిగా పెడితే వినపడిందో డెసిబెల్స్‌లో రాస్తాం. అంకె పెరిగిందంటే వినికిడి తగ్గిందన్నమాట.

కూత ఎంత సన్ననిదో చెప్పేది హెర్ట్జ్. పైలట్లకు మూడు వేల హెర్ట్జ్ దగ్గర హద్దు యాభై డెసిబెల్స్. అది దాటితే ఆపైన చేసే పరీక్షలన్నీ తేలేదాకా విమానం ఎక్కనివ్వరు.

ఒక ఆదివారం పొద్దున్నే కెప్టెన్ నదీమ్ వచ్చారు. హైదరాబాదు మనిషి, యాభై ఎనిమిదేళ్లు, పెద్ద జెట్లు నడుపుతారు. ఆయన మెడికల్ సర్టిఫికెట్ గడువు ఆ గురువారంతో ముగుస్తుంది. తోడుగా మరో పైలట్, ఆయన స్నేహితుడు, మా కాకినాడ వైపు మురళి గారు వచ్చారు.

గదిలోకి పంపేముందు అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. "ఈ రెండు రోజుల్లో పెద్ద శబ్దం దగ్గర ఉన్నారా?"

"లేదమ్మా. బుధవారం నుంచి డ్యూటీనే లేదు. మస్తు రెస్ట్ తీసుకున్న."

కుడి చెవి ఎప్పటిలాగే ఉంది. ఎడమ చెవికి మూడు వేల దగ్గర యాభై అయిదు వచ్చింది. అంతకు ముందు పరీక్షలో ముప్ఫై అయిదు. హెడ్‌ఫోన్ మార్చి మళ్లీ చూశాను. అదే అంకె.

చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. "అయిదే కదమ్మా ఎక్కువ. యాభై అని రాయరాదా? శుక్రవారం ఫ్లైట్ ఉన్నది నాకు."

"వచ్చిన అంకె రాస్తానండీ. రాని అంకె రాయడం నేను నేర్చుకోలేదు."

నాకు అంతుపట్టనిది ఆ ఎడమ చెవే. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీటు. పక్కనున్న కో-పైలట్ మాట వినడానికి హెడ్‌సెట్‌ను కుడి చెవి మీంచి జరుపుకుంటామని చాలామంది చెప్పేవారు. దెబ్బ తింటే ముందు కుడిది తినాలి.

ఇద్దరికీ టీ తెప్పించాను. నదీమ్ గారు తాగకుండా కప్పు పట్టుకుని కూర్చున్నారు. "సెలవులు ఎలా గడిచాయండీ?" అన్నాను.

మురళి గారు అందుకున్నారు. "ఇంకెలా గడుస్తాయి పిన్నిగారూ? ఇద్దరం కలిసి ఓ పాత బుల్లి విమానం కొన్నాం. వయసులో మా నాన్నకన్నా పెద్దది. రెక్కలకి రేకు కూడా కాదు, గుడ్డ! సౌదీకి వెళ్లే సముద్రపు వంతెన, ఆ కాజ్‌వే అవతల ఫ్లయింగ్ క్లబ్‌లో ఉంచాం. నిన్న పొద్దుగూకేదాకా దాని మీదే ఉన్నాడు వీడు."

"మరి చెవులకి?"

"నేను శుభ్రంగా మూసుకుంటానండీ. వీడు మాత్రం ఎడమ కిటికీ తెరిచి, ఆ చెవి మీంచి హెడ్‌సెట్ లాగేసి, తల బయటికి పెడతాడు. ఇంజన్ పాడుతుందట!"

"అరె, పాడుతది భాయ్!" నదీమ్ గారిలో కదలిక వచ్చింది. "జెట్ల ఏమున్నది, అంతా కంప్యూటరే. దీంట్ల ఒక్కొక్క సిలిండర్ వేరువేరుగ వినొస్తది."

"నేనడిగితే పెద్ద శబ్దమే లేదన్నారు కదండీ."

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు. "అది శబ్దం కాదు కదమ్మా. అది శౌక్. సరదా."

"జెట్‌లో ఒక్క లైటు వెలిగితే చెక్‌లిస్ట్ రెండుసార్లు చదివే మనిషండీ వీడు," అన్నారు మురళి గారు. ఈసారి ఆయన నవ్వలేదు.

ఆ విమానం సంగతి డాక్టరు గారికి చెప్పాను. పెద్ద మోతలో గడిపిన చెవి కొంతకాలం మొద్దుబారుతుంది. అందులో ఎంత తిరిగొస్తుందో నిశ్శబ్దంలో ఉంచితేనే తెలుస్తుంది. బుధవారం మళ్లీ రమ్మన్నారు డాక్టరు. "టీవీ కూడా పెట్టనీయను, కాపలా ఉంటా," అని మురళి గారు స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లారు.

బుధవారం మూడు వేల దగ్గర నలభై అయిదు. హద్దులోకి వచ్చింది. డాక్టరు సంతకం చేశారు. అయితే ఆ అంకెలతో గీసే గ్రాఫులో, వినికిడి తగ్గినకొద్దీ దిగే గీత నాలుగు వేల దగ్గర బాగా కిందికి దిగి, అక్కడే ఉండిపోయింది. నదీమ్ గారు ఆ గుంత మీద వేలు పెట్టారు.

"ఇది నిండదా అమ్మా?"

"నాకు తెలిసినంతలో నిండదండీ. తిరిగి రావలసింది వచ్చేసింది. ఇంకో అయిదు డెసిబెల్స్ పోతే మీరు హద్దు మీద ఉంటారు. ఇంజన్ పాట కావాలో, జెట్టు కావాలో మీరే తేల్చుకోండి."

ఆయన సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

సెప్టెంబరులో వచ్చినప్పుడు ఎడమ చెవి నలభై అయిదు దగ్గరే నిలిచి ఉంది.

"ఎగరడం మానేశారా?"

"ఎందుకు మానుతా? రెండు చెవులు మూసుకుని ఎగురుతున్న. సినిమాకు సౌండ్ బంద్ చేసినట్టుంటది. అయినా మంచిగనే ఉంటదమ్మా," అన్నారు.

ఆయన నాతో అబద్ధం ఆడలేదు. ఇష్టమైనదాన్ని మనిషి ప్రమాదాల లెక్కలో వేసుకోడు, అంతే. డ్యూటీలో ఎంత జాగ్రత్తపరుడైతే సెలవు రోజున అంత ధీమా. పెద్ద శబ్దం సంగతి అడగడం నేను మానలేదు. అప్పటి నుంచి ఆ ప్రశ్నకు ముందు మాత్రం మీకు ఏమంటే సరదా అని అడిగి, చెప్పేది పూర్తిగా విన్నాకే గది తలుపు తీసేదాన్ని. ఒకరికి మోటారు బోటు, ఒకరికి వేట తుపాకీ, ఒకరికి డ్రమ్ములు. రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మార్చలేదు.