కాళేశ్వరం బస్సులో మహేశ్

భూపాలపల్లిలో కాళేశ్వరం బస్సెక్కితే నా పక్క సీట్లో ఒక ఇంగ్లీషాయన ఉన్నాడు. ఒళ్లో ఎర్రగుడ్డ కట్టిన ముంత. అందులో తన స్నేహితుడు మహేశ్ అస్థికలున్నాయని చెప్పాడు. మహేశ్ తాతది దంతాలపల్లి. మహేశ్ మాత్రం ఇంగ్లండ్‌లో పుట్టి, ఈయనతోనూ మరో ఇద్దరితోనూ కలిసి రాక్ బ్యాండ్ పెట్టి డ్రమ్స్ వాయించాడు. వాళ్లది ఒక్కటే ఆల్బమ్. పాటలు రేడియోలో వినిపించడం మొదలైన రోజుల్లోనే అతనికి క్యాన్సర్ బయటపడింది. గోదావరిలో కలపమని తనే అడిగాడట.

ముందు సీట్లోని అవ్వ వెనక్కి తిరిగి, "నీకేమైతడు బిడ్డా?" అంది. నేను ఇంగ్లీషులో అడిగాను.

"తమ్ముడు," అన్నాడాయన.

"మరి గిట్ల మూగగ కూసుంటే ఎట్ల? యాడికి పోతున్నమో చెప్పాలె. లేకుంటే తొవ్వ తప్పుతడు."

నేను కాకినాడవాణ్ణి, పోయినవాళ్లకు దారి చెబుతూ తీసుకెళ్లాలని నాకూ తెలియదు. అవ్వ మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముంత మీదికి వంగి, అడవిలోంచి వెళ్తున్నామని మెల్లగా చెప్పాడు. కొత్త డ్రమ్మర్ కోసం ఎవరం వెతకలేదని, బ్యాండ్ అక్కడితో ఆగిపోయిందని కూడా చెప్పాడు.

కాళేశ్వరంలో బస్సు ఆగింది. "మహేశ్..." అన్నాడాయన ముంతతో.

అవ్వ ముంత మీద చెయ్యి వేసింది.

"దిగు నాయినా, గోదారికొచ్చినం."