సమ్మక్క జావ మీద నేను వేసిన నింద

మే నెలలో ఒక ఉదయం, ఖమ్మంలో కాలేజీ లాబ్‌లో నిలబడి పని చేసుకుంటుండగా నా కడుపులో మొదటి మెలిక పడింది. ఆకలేమో అనుకుని పట్టించుకోలేదు. గంట గడిచేసరికి మూడుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాను. నాలుగోసారి గోడ పట్టుకుని తిరిగి వచ్చాను. ఇందులో నవ్వుకోవలసింది ఏమిటంటే, అప్పుడు నా బల్ల మీదున్న ప్లేట్లలో నేను వెతుకుతున్నది ఇలాంటి జబ్బులు తెచ్చే బ్యాక్టీరియానే.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. యూనివర్సిటీలో మైక్రోబయాలజీ రీసెర్చ్ స్కాలర్‌ని. వారపు సంతల్లో అమ్మే కోడి మాంసంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందా, ఉంటే ఏ మందులకు లొంగుతుంది, ఏ మందులకు లొంగదు అన్నది నా పరిశోధన. మా ఇల్లు వైరాలో. దగ్గరగా ఉంటుందని ఖమ్మంలో ఒక కాలేజీ లాబ్‌లో పని చేసుకోవడానికి మా గైడ్ గారు చోటు ఇప్పించారు. వారానికోసారి పినపాక వైపు అడవి అంచున జరిగే ఒక సంతకు బస్సులో వెళ్ళేదాన్ని. కోడి ముక్కలు కవర్లలో కట్టించుకుని, ఐస్ నింపిన థర్మాకోల్ డబ్బాలో సర్దుకుని, సాయంత్రానికి లాబ్‌కి చేర్చేదాన్ని.

ఆ సంతలో సమ్మక్క అనే ఆవిడ జొన్న జావ అమ్మేది. పక్క గూడెం మనిషి. యాభై దాటి ఉంటాయి. ముందురోజు కాచి పులియబెట్టిన జావను కుండలో తెచ్చి, ఉప్పు కలిపి, ఉల్లిపాయ ముక్కతో ఇచ్చేది. ఆ ఎండల్లో సంతకొచ్చినవాళ్ళు ఎవరైనా సరే అక్కడ ఆగకుండా పోయేవాళ్ళు కాదు. నేనూ రెండు గ్లాసులు తాగేదాన్ని. ఆ కుండ ఒక్కటే ఆవిడ బతుకుతెరువు.

ఇక నా జబ్బు సంగతి. డిగ్రీలు ఎన్ని ఉంటే ఏం లాభం? సాయంత్రం వరకు ప్లేట్లు చూసి తీరాలన్న పంతంతో మెడికల్ షాపులో విరేచనాలు ఆపే బిళ్ళలు కొని మింగాను. దాంతోపాటు యాంటీబయాటిక్ కూడా వేసుకున్నాను. నా స్టూల్ శాంపిల్ కల్చర్‌కి వేసి, అందులో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసుకోవాలన్న ఆలోచన రానే లేదు. చుట్టూ ప్లేట్లు, పక్కనే ఇంక్యుబేటర్ ఉన్న మనిషిని నేను! బిళ్ళలతో విరేచనాలు తగ్గాయి గానీ కడుపు డోలులా ఉబ్బింది, జ్వరం పెరిగింది. వైరా వెళ్ళి ఐదు రోజులు మంచానికి అతుక్కుపోయాను.

"బయట ఏం తిన్నావే?" అని అడిగింది అమ్మ.

"సంతలో జావ తాగాను."

"అదిగో! ఎవరో, ఎక్కడ కాచారో, ఏ నీళ్ళు పోశారో. చదువుకున్నదానివి, నీకు తెలియక్కర్లేదా?"

అమ్మ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకంటే తప్పు నాది కాకుండా పోయింది. లేచి తిరగగలిగిన వారమే సంతకు వెళ్ళి, కోళ్ళు కోసే అతను "ఏంది మేడమ్, పోయిన వారం రాలే?" అని అడిగితే, పదిమంది వినేలా చెప్పాను. "ఆ జావ తాగి మంచాన పడ్డాను. పులిసిన జావలో బ్యాక్టీరియా ఉంటుంది. ఎవరూ తాగకండి." సమ్మక్క నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. గరిటె చేతిలో పట్టుకుని నన్నే చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

యూనివర్సిటీ మేడమ్ చెప్పిందంటే సంతలో ఆ మాటకు విలువ ఎక్కువ. తర్వాతి వారం ఆవిడ కుండ దగ్గర ఇద్దరు ముగ్గురే కనిపించారు. ఆపై వారం ఒక్కరూ లేరు. నాకు జాలి వేసింది. కానీ జనం ఆరోగ్యం కోసమే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

జూన్ చివర్లో మళ్ళీ పడ్డాను. ఈసారి నేను జావ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఇంట్లో వండిన పులిహోర, ఇంట్లో చిలికిన మజ్జిగ తప్ప సంతలో నీళ్ళు కూడా ముట్టలేదు. అయినా మర్నాటికి అదే మెలిక, అవే విరేచనాలు. ఈసారి రక్తం కూడా పడింది. జ్వరం నూట నాలుగు. నాన్న నన్ను ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో చేర్పించారు. బీపీ చూసిన సిస్టర్ మొహం మారిపోయింది. రెండు చేతులకూ సెలైన్ పెట్టారు.

"డీహైడ్రేషన్ బాగా ఉంది. క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీలు కష్టపడుతున్నాయి," అన్నారు డాక్టర్ గారు. ఆయన నెమ్మదైన మనిషి. "ఏమైనా బిళ్ళలు వేసుకున్నావామ్మా?"

"ఇంకా లేదండీ."

"మంచి పని చేశావు. ముందు శాంపిల్, తర్వాత మందు."

స్టూల్ కల్చర్‌కీ, బ్లడ్ కల్చర్‌కీ పంపాక సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదటి రెండు రోజులు నాకు సరిగ్గా గుర్తు లేవు. నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మూత్రం ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకోవడం గుర్తుంది. పొలంలో నీటి తడుల లెక్క తప్ప ఏదీ రాయని మనిషి ఆయన. భయమేసింది. చచ్చిపోతానేమోనని నిజంగానే భయమేసింది.

మూడో రోజుకి జ్వరం దిగింది. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. రక్తంలో ఏమీ పెరగలేదు. స్టూల్‌లో సాల్మొనెల్లా పెరిగింది. అదే సాయంత్రం మా గైడ్ గారు చూడటానికి వచ్చారు. బత్తాయిలు అమ్మ చేతికిచ్చి, నా దగ్గర కూర్చుని మొదలుపెట్టారు.

"ఆ రోజు నోట్లోకి వెళ్ళినవన్నీ చెప్పు."

"పులిహోర, మజ్జిగ. అంతే సార్. రెండూ ఇంటివే."

"పులిహోర ఎక్కడ పెట్టావు?"

"భుజాన సంచిలో."

"మజ్జిగ?"

"ఎండకి పులిసిపోతుందని ఐస్ బాక్స్‌లో పెట్టాను సార్."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఏ ఐస్ బాక్స్‌లో?"

"కోడి ముక్కలు తెచ్చే డబ్బాలోనే సార్," అన్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. లాబ్‌లో ఫ్రిజ్ మీద 'తినే వస్తువులు పెట్టరాదు' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించింది నేనే. ఆ కాగితం ఫ్రిజ్‌కే గానీ బస్సులో నా ఒళ్ళో ఉండే డబ్బాకి వర్తించదని ఎలా అనుకున్నానో! కోడి కవర్లలోంచి కారిన నీళ్ళు, కరిగిన ఐస్ నీళ్ళు కలిసి డబ్బాలో నిలిచేవి. నా మజ్జిగ సీసా మెడదాకా వాటిలో మునిగి ఉండేది.

పైగా మా ఇంట్లో ఎంగిలి కాకూడదని సీసాను నోటికి ఆనించకుండా ఎత్తి పోసుకుని తాగుతాం. శుభ్రమని చిన్నప్పటినుంచీ నేర్పిన అలవాటు. ఎత్తినప్పుడల్లా సీసాకు అంటిన ఆ నీళ్ళు కూడా మజ్జిగతోపాటు నా నోట్లోకే జారాయి. మే నెలలో కూడా ఆ సీసా ఆ డబ్బాలోనే ఉంది. అంటే జావ తాగిన రోజున మజ్జిగా తాగాను. నాకు జావ ఒక్కటే గుర్తొచ్చింది.

"అనుమానం సరిపోదు, పరీక్ష చేద్దాం," అన్నారు సార్. లాబ్‌లో నా తోటి స్కాలర్ రజిత ఆ పని తలకెత్తుకుంది. డబ్బా అడుగున తుడిచి తీసిన శాంపిల్, ఆ రోజు తెచ్చిన కోడి మాంసం, దవాఖానావాళ్ళు ఇచ్చిన నా కల్చర్, మూడూ పక్కపక్కన పెట్టింది. మూడింటిలోనూ సాల్మొనెల్లా వచ్చింది, మూడూ ఒకే మందులకు లొంగలేదు. సీరోటైప్, అంటే సాల్మొనెల్లాలో ఏ రకమో, తేల్చడానికి బయటికి పంపితే అదీ ఒకటేనని జవాబొచ్చింది. రజితే వారం వారం సంతకు వెళ్ళి సమ్మక్క జావ కూడా తెచ్చింది. బాగా పులిసిన ఆ జావలో సాల్మొనెల్లా ఒక్కసారీ పెరగలేదు. పులిసినదల్లా భద్రమని నేను అనను. కానీ నన్ను మంచాన పడేసిన బ్యాక్టీరియా ఆ జావలో లేదు.

నేను ఇంటికి వచ్చిన పదిహేను రోజులకు, అంతా అయిపోయిందనుకుంటుంటే, కుడి మోకాలు కొబ్బరికాయంత వాచింది. తర్వాత చీలమండ, తర్వాత కళ్ళు ఎర్రబడటం. మళ్ళీ అదే డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాం.

"రియాక్టివ్ ఆర్థరైటిస్," అన్నారు. "బ్యాక్టీరియా పోయింది. దాని మీదికి లేచిన నీ ఇమ్యూనిటీ ఇంకా శాంతించలేదు. నెలలు పట్టొచ్చు. కానీ తగ్గుతుంది."

తగ్గింది, కానీ అంత తేలిగ్గా కాదు. నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ, చేతికర్ర. ఇంట్లో మెట్లు ఎక్కలేక కిందే పడుకున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు "ఈ వయసులో కీళ్ళవాతమా?" అని అమ్మను ఓదార్చేవారు. నాకు ఒళ్ళు మండేది. రోజూ మోకాలు వంచి చూసుకుని, నిన్నటికన్నా వేలెడు ఎక్కువ వంగితే ఆ పూట ఇంకో కప్పు కాఫీ అడిగేదాన్ని. చలికాలం వచ్చేసరికి కర్ర లేకుండా వాకిలి దాకా నడిచాను. ఇక సంతకు వెళ్ళాలనుకున్నాను.

నాన్న, నేను బస్సు దిగేసరికి సంత నిండుగా ఉంది. సమ్మక్క తన చోటులోనే కూర్చుని ఉంది. ముందు మునుపటి పెద్ద కుండ లేదు, చిన్నది ఉంది. నేను కష్టపడి ఆవిడ పక్కన కూలబడి, జరిగినదంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

ఆవిడ నా కాళ్ళ వైపు చూసింది. "మోకాలు గిట్ల వాసిందేంది బిడ్డా?"

"ఆ జబ్బు వల్లే. తగ్గుతోంది."

"అవ్, తగ్గుతది." గరిటె పక్కన పెట్టింది. "నా చెవిల చెప్తె ఏం లాభం? అందరు ఇనంగ అన్నవు. అందరు ఇనంగనే చెప్పు."

దుప్పట్లు అమ్మే అతని దగ్గర బ్యాటరీ మైకు ఉంది. అడిగితే, "జల్దీ కానియ్యి మేడమ్, గిరాకి పోతది," అంటూ ఇచ్చాడు. సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడినదాన్ని, ఆ రోజు నాలుగు వాక్యాలకే తడుముకున్నాను. సమ్మక్క జావలో ఏ దోషమూ లేదన్నాను. పచ్చి కోడి నీళ్ళు తగిలిన సీసాలో మజ్జిగ తాగినది నేనన్నాను. పరీక్ష చేయకుండానే ఆవిడ పేరు చెప్పానన్నాను.

"అంటే కోడి తినొద్దంటవా మేడమ్?" అని ఎవరో అరిచారు.

"బాగా ఉడికించుకుని తినండి. పచ్చి మాంసం పెట్టిన చోట తినేవి పెట్టకండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి."

"గదేదో ముందే చెప్పొద్దా?" అన్నాడు కోళ్ళు కోసే అతను. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. సమ్మక్క గ్లాసు నింపి నా చేతిలో పెట్టింది. "నిలబడి తాగు. అందరు చూడాలె." తాగాను. ఆ తర్వాత జనం ఎగబడి వచ్చారని రాస్తే అబద్ధం. ఆ రోజు నా వెనక నాన్న తాగారు, ఇంకెవరో ముసలాయన తాగాడు, అంతే. కుండ మళ్ళీ పెద్దది కావడానికి చాలా సంతలు పట్టిందని తర్వాత రజిత చెప్పింది.

ఇప్పుడు ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. థీసిస్ పూర్తయింది. వానాకాలంలో మోకాలు కాస్త పట్టేస్తుంది, అంతకు మించి ఏమీ లేదు, బస్సెక్కి ఎక్కడికైనా వెళ్ళగలను. పిల్లలను సంతకు తీసుకెళ్ళినప్పుడు శాంపిళ్ళకు ఒక డబ్బా, తిండికి వేరే సంచి. అందులో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. విరేచనాలు, జ్వరం మొదలైతే షాపులో బిళ్ళ అడిగే ముందు ఒక కాగితం తీసుకోండి. గత మూడు రోజుల్లో ఏం తిన్నారో, ఏం తాగారో రాయండి. ప్రతిదాని పక్కన అది ఎక్కడ పెట్టి ఉందో, దేని పక్కన ఉందో కూడా రాయండి. ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మందుకు ముందు శాంపిల్ ఇవ్వండి. మే నెలలో నేను అలాంటి కాగితం ఒక్కటి రాసి ఉంటే జూన్‌లో మళ్ళీ మంచాన పడేదాన్ని కాదు. సమ్మక్క వారాల తరబడి నిండు కుండ నెత్తిన పెట్టుకుని వచ్చి, నిండు కుండతోనే గూడేనికి తిరిగి వెళ్ళేది కాదు.