తొలి పావుగంట వాన

మా బడి మిద్దె పైకప్పుకు సున్నం పూసింది నేనూ, వంటామే. బెళుగుప్పకు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. నేను ఆ బడిలో ఆయమ్మను. గదులు ఊడవడం, మరుగుదొడ్లు కడగడం, పిల్లలకు తాగే నీళ్లు పట్టి పెట్టడం నా పని.

ఎండాకాలంలో మా బడి గదుల్లో కూర్చోవడం రొట్టెల పెనం కింద కూర్చున్నట్టే. ఫ్యాన్లు తిరిగితే పైనుంచి వేడిగాలి దిగేది. పెద్దసారు ఏదో శిక్షణకు పోయివచ్చి, మిద్దె తెల్లగా ఉంటే ఎండ కిందికి దిగదని చెప్పాడు. డ్రమ్ములో సున్నం నానబెట్టి, జిగురు కలిపి, చీపుర్లతో రెండు రోజులు పూశాం. నా అరచేతులు పగిలాయి. కానీ మూడో రోజు మూడో తరగతి గదిలో అడుగు పెడితే చెట్టు కిందికి వచ్చినట్టే ఉంది. పదకొండు గంటల దాకా ఫ్యాన్లు వేయకుండానే పిల్లలు కుదురుగా కూర్చున్నారు. పెద్దసారు ముఖం చూడాలి ఆ రోజు.

దాని తర్వాత సోలార్ పలకలు రెండు వచ్చాయి. ఆఖరున వాననీళ్ల తొట్టి వచ్చింది. మిద్దె మీద పడిన నీళ్లు గొట్టంలో దిగుతాయి. గోడ పక్కన గొట్టం రెండుగా చీలుతుంది, ఒకటి రోడ్డు వైపుకు, ఒకటి తొట్టిలోకి. మధ్యలో చక్రం లాంటి వాల్వు. దాని పైన గోడకు ఎర్ర అక్షరాల బోర్డు.

ఆ బోర్డును నేనే చదివాను. అంతకు మూడేళ్ల ముందు దాకా నాకు అక్షరం రాదు. వంటామె నాకంటే పదేళ్లు చిన్నది, క్రైస్తవుల ఇంటి మనిషి, రోజూ బైబిలు చదువుకుంటుంది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చేటలో బియ్యం పలుచగా పరిచి, వేలితో అక్షరం గీసి నా చేత దిద్దించేది. నేను తప్పు గీస్తే చేట ఒక్కసారి కుదిపి, "మళ్లా" అనేది. బస్సు బోర్డు చదవడానికి ఒక ఏడాది పట్టింది. హాజరు రిజిస్టరులో సంతకం పెట్టడానికి ఇంకో ఆరు నెలలు.

బోర్డు పెట్టిన రోజు ఆమె నన్ను దాని ముందు నిలబెట్టింది.

"చదువక్కా, గట్టిగా."

"తొలి... వాన నీరు తొట్టిలోకి వదలరాదు. పావుగంట బయటికి వదిలి, ఆ తరువాత వాల్వు తిప్పవలెను."

"ఏమర్థమైనాది?"

"మిద్దె మీది మురికంతా పోయినాక పట్టుకోమంటాండాది."

"కలెక్టరు పరీక్ష పాసైతివి పో" అని నా వీపు మీద ఒకటి చరిచింది.

వాల్వు తిప్పే పని నాకే ఇచ్చాడు పెద్దసారు.

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం. రెండు రోజులుగా ట్యాంకరు రాలేదు. పెద్దసారు మండలంలో మీటింగుకు పోయాడు. పదిన్నరప్పుడు దక్షిణం దిక్కు నుంచి మబ్బు పట్టి, టపటపా మొదలైంది. పిల్లలు కిటికీల దగ్గర అరుస్తున్నారు. నేను పరిగెత్తి వాల్వు దగ్గర నిలబడ్డాను.

రోడ్డు వైపు గొట్టం లోంచి నీళ్లు దూకాయి. తెల్లగా, చిక్కటి మజ్జిగ మాదిరి. రోడ్డు మీద పడి, దుమ్మును నానబెట్టి, కాలువలోకి పోతున్నాయి.

నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను చీకటితోనే లేపి వంకలోకి తోలుకుపోయేది. ఇసుకలో చెలమ తోడి, ఊరే నీళ్లను చిప్పతో బిందెలోకి ముంచేవాళ్లం. ఒక బిందె నిండేసరికి పొద్దెక్కేది. వాన పడితే చూరు కింద ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పెట్టేవాళ్లం. అన్నం తినే తట్టతో సహా. తొలి వానా, మలి వానా అని మేము ఎప్పుడూ చూడలేదు. అసలు మా దగ్గర వానే పావుగంట ఉండదు. బోర్డు రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

బోర్డు నా కళ్ల ముందే ఉంది. పావుగంట అన్న మాటను మళ్లీ చదివాను. చదువుతూనే చక్రం తిప్పాను.

తొట్టిలో నీళ్లు పడే చప్పుడు వినబడింది. పది నిమిషాలకు వాన ఆగిపోయింది. నేను బోర్డు మాట విని ఉంటే చుక్క దక్కేది కాదు. మూత ఎత్తి చూస్తే తొట్టిలో మోకాలి ఎత్తు నీళ్లు. తెల్లగా ఉన్నాయి, నిజమే. సున్నమే కదా, తమలపాకుకు రాసుకుని తినేదే కదా అనుకున్నాను. కాకుల రెట్టలు, పావురాల రెట్టలు నాకు గుర్తుకు రాలేదు.

వంటామె వంటగది లోంచి తల బయటికి పెట్టి అడిగింది. "అక్కా, పావుగంట వదిలినావా?"

"వదిలినాలే."

ఆమె వంటకు ముందే పట్టి ఉంచిన నీళ్లు ఉన్నాయి. పిల్లలు తాగే డ్రమ్ము మాత్రం ఖాళీ. తొట్టి నీళ్లు రెండు గంటలు తేరనిచ్చి, పైపైన ముంచి, గుడ్డలో వడగట్టి డ్రమ్ములో పోశాను.

మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు మొదలైంది. ముందు ఒక పిల్లోడు నోరు మండుతోందని వచ్చాడు. తర్వాత ఏడెనిమిది మంది వాంతులు చేసుకున్నారు. నాలుగో తరగతి పాప ఒకతె కక్కి కక్కి, గోడకు ఆనుకుని కళ్లు తేలవేసింది. ఆటోలో ఆస్పత్రికి నేనే ఎత్తుకుపోయాను. సూది గుచ్చి సెలైను పెట్టారు. ఆ పాప తల్లి కూలి పని దగ్గర నుంచి, కాళ్ల మన్ను కూడా కడుక్కోకుండా వచ్చింది.

"ఏమక్కా, నువ్వుండి కూడా ఇట్ల జరిగె" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

పాప మరుసటి రోజు ఇంటికి వచ్చేసింది. తక్కిన పిల్లలు కూడా తేరుకున్నారు. ఆ రోజే మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. తొట్టి మూత ఎత్తించి చూశాడు. మిద్దె ఎక్కి సున్నాన్ని వేలితో రుద్ది చూశాడు. దిగి వచ్చి బోర్డు చదివాడు.

"ఇంత పెద్ద అక్షరాలు రాసి పెట్టినాక వాల్వు ఎవరు తిప్పినారప్పా?"

పెద్దసారు నా దిక్కు చూడలేదు.

"మా ఆయమ్మ సార్. పాపం, చదువు రాని మనిషి. బోర్డులో ఏముందో ఆమెకెట్ల తెలుస్తాది?"

నాకు సంతకం వచ్చనీ, చదవడం వచ్చనీ ఆయనకు తెలుసు. నా పని పోకుండా కాపాడాలని అన్న మాట అది. కానీ ఆఫీసరు ఆయన మీదికే తిరిగాడు.

"చదువు రాని మనిషికి పిల్లల నీళ్లు అప్పజెప్పింది ఎవరు మరి? మీరే కదా?"

పెద్దసారు తల వంచుకున్నాడు. ఆయన నా కంటే చిన్నవాడు. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నాకు చదువు వచ్చు సార్ అంటే చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. ఇంట్లో పని చేయలేని మొగుడు గుర్తుకు వచ్చాడు. నోరు తెరవలేదు. వంటామె వంటగది గడపలో నిలబడి నన్నే చూస్తోంది.

ఆఫీసరు పోయినాక గిన్నెలు తోముతూ ఆమె అడిగింది, నా ముఖం చూడకుండా.

"నేను చేటలో దిద్దించింది, రాదని చెప్పుకునేదానికేనా అక్కా?"

"నేను చెప్పలేదు కదమ్మే, సారు చెప్పినాడు."

"నువ్వు వింటాంటివి కదా."

తర్వాత చాలా రోజులు ఆమె నాతో పనికి కావాల్సిన మాటలే మాట్లాడింది.

వారం తిరిగేసరికి పెద్దసారుకు మెమో వచ్చింది. నేను ఆయన గదిలోకి పోయి, "నేనే చదివి తిప్పినాను సార్, ఆఫీసరుకు చెప్తాను" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఇప్పుడు చెప్తే నేను అబద్ధం చెప్పినట్టు అవుతాది ఆయమ్మా. ఇద్దరికీ చెడ్డ. వదిలెయ్." హాజరు రిజిస్టరు నా ముందుకు జరిపాడు. "ఇంకొక మాట. విచారణ అయ్యేదాకా సంతకం వద్దు. వేలిముద్ర వెయ్యి."

ఇంకు డబ్బా మూత ఆయనే తీసి పెట్టాడు. అంతకు ముందు పేజీల్లో నా సంతకాలు ఉన్నాయి, వంకరగా, గీత దాటి. వాటిని ఆఫీసరు చూస్తే ఏమవుతుందని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. కొత్త నెలకు కొత్త పేజీ తిప్పి ఇచ్చాడు. బొటనవేలు ఒత్తాను. మరుగుదొడ్లు కడిగే నీళ్లకు కూడా ఆ రంగు వదలలేదు.

తొట్టికి తాళం వేశారు. ఆ ఏడాది పడిన నాలుగు వానలూ రోడ్డు వైపు గొట్టం లోంచే పోయాయి. మిద్దెకు మళ్లీ సున్నం పూయించడానికి ఎవరూ ముందుకు రాలేదు. గదులు మళ్లీ పెనంలా కాలుతున్నాయి. మంచి పని ఒకటి నా చేతుల్లోనే చెడింది. ఆ తొట్టి పక్క నుంచి రోజూ నడవాలి.

విచారణ అయ్యిందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దసారుకు బదిలీ అయింది. ఆ మెమో వల్లనో, మామూలు బదిలీనో నాకు తెలియదు. కొత్త మేడం వచ్చిన మొదటి రోజు రిజిస్టరు తెరిచి, ఇంకు డబ్బా నా వైపుకు తోసింది.

"వేలిముద్ర కదా మీది?"

పెన్ను ఇవ్వమన్నాను. ఆమె ఇచ్చింది. చాలా రోజులు కావడంతో మొదటి అక్షరం రెండుసార్లు దిద్దాను. పూర్తిచేశాను. మేడం పాత పేజీలు వెనక్కి తిప్పింది. సంతకాలు, తర్వాత వేలిముద్రలు, మళ్లీ ఇప్పుడు సంతకం. తలెత్తి నన్ను చూసింది.

"చదవడం వస్తాదా మీకు?"

"వస్తాది మేడం. ఆ తొట్టి కాడి బోర్డు కూడా చదివినాను. చదివే తిప్పినాను. పాత సారు తప్పేం లేదు."

తొట్టి సంగతి ఆమె ముందే విన్నట్టుంది. ఫ్యాన్ మా మీదికి వేడిగాలి తోస్తోంది. ఈ మాట ఆమె ఎక్కడికి పంపుతుందో, నా పని ఉంటుందో పోతుందో, పాత సారుకు ఇంకా ఏం చేటు తెస్తుందో నాకు తెలియదు. ఆమె మాత్రం ఒకటే అడిగింది.

"పిల్లలు తాగే నీళ్లు కదా. చదివి కూడా ఎందుకు తిప్పినారు?"

అన్ని రోజులు ఆలోచించినా నా దగ్గర ఉన్న జవాబు ఒకటే.

"వాన పడతాండె మేడం" అన్నాను.