ముప్పై ఒక్క గంటల దూరం

బస్టాండు ఎదురు సందులో విమానం టికెట్లు అమ్మే చిన్న కొట్టు ఉంది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, గోడకి రంగు వెలిసిన ప్రపంచ పటం. ఆ బల్ల వెనక ఏళ్ల తరబడి కూర్చుంటున్న ఆవిడని వీధంతా టికెట్లమ్మ అంటారు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతసేపు పడుతుందో ఆవిడకి నోటికి వచ్చు. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

"ఊరందర్నీ ఎగరేసి నువ్వు కుర్చీకి అతుక్కుపోయావే," అని ఫోన్‌లో అక్క ఆటపట్టించేది.

అక్క ఉండేది భూగోళానికి అవతలి వైపు. ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే పని. అమ్మ పోయాక చెల్లికి జడలు వేసి, తిట్టి, బడికి తోలి పెంచింది ఆ అక్కే. రోజూ కొట్టు తెరిచే వేళకి ఫోన్ చేసేది. సెలవుల్లో అక్క దగ్గరికి వెళ్లాలని టికెట్లమ్మ వీసా కూడా తెప్పించుకుంది.

ఈలోగా అక్కకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి బావ ఫోన్ చేశాడు. ఈ రోజు గడవడం కష్టమన్నారట. టికెట్లమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. ఎన్ని దారులు వెతికినా రెండు చోట్ల విమానం మారాలి, ముప్పై ఒక్క గంటలు పడుతుంది. అయినా టికెట్ తీసుకుని, దొరికిన బట్టలు సంచిలో కుక్కుకుని పరుగెత్తింది.

విమానాశ్రయంలో వరసలో నిలబడి ఉండగా మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి అక్కే.

"ఎక్కడున్నావే?"

"నీ దగ్గరికే వస్తున్నా అక్కా."

అక్క కాసేపు ఆయాసపడింది. "అంతసేపూ నీ గొంతు వినబడదు కదే," అంది.

విమానం ఎక్కితే దారిలోనే అంతా అయిపోవచ్చు. ఇక్కడుంటే చివరిదాకా మాట్లాడుతూ ఉండొచ్చు. టికెట్లమ్మ సంచి ఎత్తుకుని వరసలోంచి బయటికొచ్చేసింది.

అక్క ఆ రోజు పోలేదు. మర్నాడు మాట పడిపోయింది. బావ ఫోన్‌ని ఆమె చెవికి ఆనించి పట్టుకుంటే, ఇటునుంచి చెల్లి కొట్టు సంగతులూ చిన్నప్పటి సంగతులూ గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. రోజూ డాక్టర్లది అదే మాట, ఈ రోజేనని. ఇప్పుడైనా బయల్దేరదామా అనుకోవడం, అందుకోలేనేమోనని ఆగిపోవడం. మూడో రోజున, ఆ విమానమే ఎక్కి ఉంటే ఈపాటికే చేరి ఉండేదాన్నని తోచి, చెబుతున్న మాట మధ్యలోనే ఆపేసింది. "అలా ఆలోచించకు," అన్నాడు పక్కనే ఉన్న ఆవిడ భర్త.

నాలుగో రోజు ఆవిడ మాట్లాడుతుండగానే బావ గొంతు వినబడింది. "ఇక చాలమ్మా."

నెల తిరిగాక బావ ఫోన్ చేశాడు. ఓదార్చుదామనే చేశాడు పాపం.

"నీ గొంతు విన్నప్పుడల్లా కళ్లు తెరిచి తలుపు వైపు చూసేదమ్మా. వచ్చేశావనుకునేదేమో."

"చివరి రోజు కూడానా?"

"చివరి రోజు కూడా."

టికెట్లమ్మ సరేనని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత బావ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.