మొదటి లైటు ఎక్కడ

2021 అక్టోబరులో వచ్చిన తుఫాను ఒమాన్‌లోని బాతినా తీరాన్ని ముంచేసింది. అప్పుడు నేను మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. నీళ్లు తీశాక ఇళ్లకు కరెంటు ఇవ్వడానికి మమ్మల్ని సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి పంపారు. గోడల మీద ఛాతీ ఎత్తున బురద గీత, వీధి నిండా తడి పరుపులు, తివాచీలు. ఖర్జూరం తోటల్లో మోటార్లు బురదలో కూరుకుపోయాయి.

దేశం నలుమూలల నుంచి జనం సాయానికి వచ్చారు. పారలు పట్టి బురద ఎత్తారు, ఇళ్లు కడిగారు. మంచి మనసుతో చేసిన పని కాబట్టి తిట్టడానికి లేదు గానీ, పైపు పెట్టి స్విచ్‌బోర్డులు కూడా కడిగేశారు. బయట తళతళ, లోపల బురదనీళ్లు. నాకు తల బాదుకోవాలనిపించింది.

సలీం ఇల్లు అలాంటిదే. అతను బడిలో మాస్టారు, ఆ తీరంలో చాలామందిలాగే హిందీ బాగా మాట్లాడతాడు. తండ్రిని బంధువుల ఇంట్లో ఉంచాడు. పెద్దాయన అక్కడ సరిగా తినడం లేదు, ఇంటికి తీసుకెళ్లమని ఒకటే పోరు. సాయంత్రానికి తీసుకొస్తానని సలీం మాటిచ్చేశాడు.

మెగ్గర్ పెట్టి చూశాను. వైరు మీది తొడుగు బాగుందో, కరెంటు తడిగోడలోకి పోతుందో చెప్పే మీటర్ అది. దాదాపు ప్రతి లైన్‌కూ సున్నాయే, అంటే తొడుగు పనికిరాకుండా పోయినట్టే. కరెంటు ఇవ్వనన్నాను. పక్క వీధిలో లైట్లు వెలుగుతున్నాయి, మా ఇంటికే నీకేం అభ్యంతరం అని సలీం కోప్పడ్డాడు. నా నోరూ ఊరుకునే రకం కాదు. మాటామాటా పెరుగుతుంటే నాతో పనిచేసే జగిత్యాల రాజన్న నన్ను పక్కకు లాగాడు.

"ఆయన బాధ ఆయనది. గట్లని కరెంటియ్యకు. ముసలాయన తడిగోడకు ఆనుకొని కూసుంటడు, యాదుంచుకో."

ఉపాయం కూడా అతనే చెప్పాడు. పాత వైరింగ్ ముట్టుకోకుండా, మీటర్ నుంచి గోడ మీదుగా కొత్త కేబుల్ లాగి, మధ్యలో ఈఎల్‌సీబీ పెట్టడం. కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్ అది. మా దగ్గర మిగిలిన కేబుల్ ఒక్క చోటికే వస్తుంది. పెద్దాయన పడకగదికే అనుకున్నాం. సలీం కూడా సరేనన్నాడు.

అంతలో పెద్దాయనే వచ్చేశాడు. ఈ రోజుకు కుదరదేమోనని కొడుకు అంతకుముందు ఫోన్లో అంటే, ఎవరి బండో ఎక్కి వచ్చేశాడట. చేతికర్ర మీద వాలి మేం చెప్పిందంతా విన్నాడు. తర్వాత మజ్లిస్ గుమ్మం చూపించాడు. మజ్లిస్ అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే ముందుగది.

"గుమ్మం చీకటిగా ఉంటే ఇంట్లో ఎవరూ లేరనుకొని వెనక్కి పోతారు. అక్కడ పెట్టు బేటా. నేనూ అక్కడే పడుకుంటాను."

మరి ఫ్యాన్ ఎలా అని సలీం అడిగితే, మొన్న వీచిన గాలి చాలలేదా అన్నాడు. అప్పటిదాకా మొహం ముడుచుకున్న కొడుకు నవ్వేశాడు. నా కోపమూ పోయింది.

చీకటి పడేసరికి ఆ లైటు కింద ప్లాస్టిక్ చాపల మీద వీధివాళ్లంతా చేరారు. ఎవరింట్లోనో కాచిన ఖహ్వా, అంటే అరబ్బు కాఫీ, కాసిని ఖర్జూరాలు. ఎవరి గోడ కూలింది, ఎవరి మోటారు బాగుచేయొచ్చు, మర్నాడు ఎవరింటి పనికి ఎవరు వెళ్లాలి, అన్నీ అక్కడే తేల్చుకున్నారు. మమ్మల్నీ కూర్చోబెట్టారు. ఆ ఇంటి వైర్లన్నీ మార్చడానికి చాలా వారాలు పట్టింది. పెద్దాయన మాత్రం మళ్లీ బంధువుల ఇంటికి పోలేదు.

అంతకుముందు నాకు ఇల్లంటే లైన్లు, పాయింట్లు, అంతే. ఇప్పుడు నీళ్లలో మునిగిన ఏ ఇంటికి వెళ్లినా, మెగ్గర్ బయటికి తీయకముందే ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతాను, మొదటి లైటు ఎక్కడ పెట్టమంటారని.