రెబ్కా ముక్కుకి తెలిసిన చుట్టరికాలు

"హాచ్... హాచ్... హాచ్!"

మిరపకాయల రాశి అవతల నుంచి మూడు తుమ్ములు ఎగిరొచ్చాయి. స్కూటరుకి స్టాండు వేస్తున్న షారోన్ ఆగింది. ఆమె గుంటూరు కాలేజీలో జువాలజీ చెబుతుంది. కల్లాల్లో పనిచేసేవాళ్ల గురించి రాస్తుంటుంది. ఆ ఎర్రకొండ వెనక నుంచి ముందొక ముక్కు, ఆ తర్వాత తీరిగ్గా దాని మనిషి బయటికొచ్చింది. రెబ్కా.

ముప్పై ఏళ్లుగా ఆమె పని ఒక్కటే. గుప్పెడు కాయ వాసన చూసి ఏ బస్తాలో చెమ్మ దాక్కుందో చెప్పడం. ఈ ఏడు జలుబు పట్టుకుని వదల్లేదు. "నీ ముక్కు పనైపోయింది, రేపట్నుంచి తొడిమలు తియ్యి" అనేశాడు మేస్త్రీ దానయ్య.

"ముక్కుంటేనే గదరా తుమ్మేది! రోకలిబండ పురుగుల్ని కూడా వాసనతో పోల్చుకుంటా నేను."

"అదీ చూద్దాం. చెబితే నీ పని నీదే."

ఆమె కళ్లకి తువ్వాలు కట్టాడు. నిన్నటి జల్లుకి పట్టా కింద చేరిన రోకలిబండల్ని ఏరి, మూడు టీ కప్పుల్లో వేశాడు. రెండు నల్లవి, ఒకటి వేలెడు పొడుగు ఎర్రది.

రెబ్కా మొదటి కప్పు కుదిపింది. "క్రిస్మస్ కేకులో వేసే బాదం ఎసెన్సు."

రెండోది. "ఆస్పత్రి టింక్చరు."

మూడోది. "ఇదీ టింక్చరే. ఇవి రెండూ అక్కచెల్లెళ్లు. ఆ కేకుది పరాయిది."

దానయ్య పడీపడీ నవ్వాడు. "నల్లవి రెండూ కవలల్లా ఉంటే, ఒకదాన్ని తీసుకెళ్లి ఎర్రదానికి అంటగట్టావే!"

షారోన్ కప్పుల మీదకి వంగింది. మొదటి నల్లది బల్లపరుపుగా ఉంది. రెండోది, ఎర్రదానిలాగే, గుండ్రం.

"ఆవిడే రైటండీ. బల్లపరుపుది సైనైడు వదులుతుంది, దాంతోపాటే ఆ బాదం వాసన. గుండ్రటివి వదిలే మందు వేరు. మా పుస్తకాల్లోనూ అవి వేరే గుంపే."

"సైనైడా!" దానయ్య చేతిలో కప్పు గాల్లోకి లేచింది.

"మనల్నేం చెయ్యదు, చీమలకే భయం. మీ వేళ్లు చూసుకోండి."

వేళ్లు గోధుమరంగు తిరిగాయి.

"అది టింక్చరోళ్ల మరక. వారం దాకా పోదు," అంది రెబ్కా తువ్వాలు విప్పుతూ.

దానయ్య కిరసనాయిలు పోసి రుద్దాడు. మరక నవ్వుతూనే ఉంది. ఆ చేత్తోనే రెబ్కా కూర్చునే పట్టా తెచ్చి, ఆమె వాసన చూసే చోటే మళ్లీ పరిచాడు.

షారోన్ బయల్దేరబోతే రెబ్కా స్కూటరు హ్యాండిల్ పట్టుకుంది.

"ఏమైనా రాసుకో టీచరమ్మా. తుమ్ముల సంగతి మాత్రం రాయమాకు."